కారుకి కరెంటు: కిలోమీటరుకి రూపాయిన్నరా, నాలుగు రూపాయలా?

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లని "చార్జింగుకి ఎంతవుతోందండీ?" అని అడిగి చూడండి. ఒకాయన "కిలోమీటరుకి రూపాయిన్నర. పెట్రోలుతో పోలికే లేదు" అంటాడు. ఇంకొకాయన పెదవి విరిచి "నాలుగు రూపాయల దాకా పడుతోంది, డీజిల్ కారు అమ్ముకోకుండా ఉండాల్సింది" అంటాడు. ఇద్దరిదీ ఒకే మోడల్, ఇద్దరూ హైదరాబాద్‌లోనే ఉంటారు, ఇద్దరూ చెప్పేది నిజమే.

పెట్రోలుతో మనకి ఈ తికమక లేదు. కూకట్‌పల్లిలో కొట్టించినా దిల్‌సుఖ్‌నగర్‌లో కొట్టించినా లీటరు ధర అటూ ఇటూగా ఒకటే. కరెంటు అలా కాదు. కారుని ఎక్కడ పెట్టారు, ఏ మీటరుకి తగిలించారు, ఆ నెల ఇంట్లో అప్పటికే ఎన్ని యూనిట్లు కాలాయి, వీటిని బట్టి అదే యూనిట్ ఆరు రూపాయలకీ రావచ్చు, ఇరవై నాలుగు రూపాయలకీ రావచ్చు. అందుకే ఈ లెక్కని కాస్త ఓపిగ్గా విప్పి చూడాలి. కింద వేసినవన్నీ 2025 నాటి ధరలు: హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు రూ.107, డీజిల్ రూ.95 పైచిలుకు. కారు నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ అనుకుందాం. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేది అదే కదా.

అసలు కరెంటు పెట్రోలు కన్నా అంత చవకా?

కాదు. ముందు ఈ సంగతి తేల్చుకుంటే మిగతాదంతా తేలికవుతుంది.

పెట్రోల్లో ఉన్న శక్తిని కూడా యూనిట్లలో కొలవచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఒక గ్యాలను పెట్రోలుని 33.7 యూనిట్ల కరెంటుతో సమానంగా లెక్క కడుతుంది. లీటరుకి చూస్తే 8.9 యూనిట్లు. లీటరు రూ.107 అంటే, పెట్రోలు రూపంలో మనం కొనే శక్తి యూనిట్ రూ.12 పడుతోందన్నమాట. ఏసీ ఉన్న ఇంట్లో పై స్లాబుల్లో కరెంటు యూనిట్ తొమ్మిది, తొమ్మిదిన్నర రూపాయలు. అంటే శక్తికి శక్తి చూసుకుంటే తేడా పావు వంతే. పావు వంతు తేడా కోసం ఎవరూ కారు మార్చరు.

అసలు తేడా ఇంజన్ దగ్గరుంది. ఊళ్లో లీటరుకి పదిహేను కిలోమీటర్లిచ్చే కారు, ఆ 8.9 యూనిట్ల శక్తిలో ఒక్కో యూనిట్‌కి 1.7 కిలోమీటర్లు మాత్రమే నడుస్తోంది. అదే సైజు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోని యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల దాకా ఇస్తుంది. నాలుగింతలు!

మరి పెట్రోలు శక్తి అంతా ఏమవుతోంది? వేడైపోతోంది. బానెట్ కింద ఆ సెగ, రేడియేటరు, దాని ముందు ఫ్యాను, చెయ్యి పెడితే కాలే సైలెన్సరు, ఇవన్నీ మనం డబ్బిచ్చి కొన్న పెట్రోలు వేడిని బయటికి తోలడానికి ఉన్న ఏర్పాట్లే. పెట్రోలు శక్తిలో చక్రాల దాకా వచ్చేది నూటికి ఇరవై, ముప్ఫై వంతులు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడితే అదీ రాదు. ఎలక్ట్రిక్ మోటారు తనకిచ్చిన దాన్లో దాదాపు తొంభై వంతులు తిరిగే శక్తిగా మారుస్తుంది. పైగా బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత కరెంటుని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఎలక్ట్రిక్ కారు సిటీ ట్రాఫిక్‌లో మైలేజీ పెద్దగా కోల్పోకపోవడానికి కారణం అదే.

"మరి ఆ కరెంటు బొగ్గు నుంచే కదా వచ్చేది? అక్కడ దుబారా లేదా?" అని అడిగేవారుంటారు. మంచి ప్రశ్న. దుబారా ఉంది. ఇబ్రహీంపట్నంలో గానీ రామగుండంలో గానీ కాల్చిన బొగ్గు వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటవుతుంది. మిగతాది కూలింగ్ టవర్ల మీద ఆవిరిగా పోతుంది. కాకపోతే ఆ నష్టం కరెంటు ధరలో ముందే కలిసిపోయింది, బొగ్గేమో పెట్రోలు కన్నా ఎంతో చవక. కాలుష్యం సంగతి వేరు. మనం ప్రస్తుతం జేబు లెక్కలో ఉన్నాం.

మీటరు చూపించేదీ, కారు చూపించేదీ ఒకటేనా?

ఒకటి కాదు. గోడకున్న మీటరులో 100 యూనిట్లు తిరిగితే బ్యాటరీలోకి ఎక్కేది 85 నుంచి 90. ఇంటికొచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీకి కావలసింది డీసీ. కారు లోపలున్న చార్జరు దాన్ని మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చార్జింగ్ నడుస్తున్నంతసేపూ కారులోని కంప్యూటర్లూ, కొన్ని కార్లలో బ్యాటరీని చల్లబరిచే పంపులూ పనిచేస్తూనే ఉంటాయి. అందుకే పదహారు ఆంపియర్ల మామూలు సాకెట్ మీద రాత్రంతా నిదానంగా చార్జ్ చేస్తే, గోడకి బిగించే ఏడు కిలోవాట్ల చార్జరు కన్నా నష్టం కాస్త ఎక్కువే ఉంటుంది.

డ్యాష్‌బోర్డు మీద చూసి మురిసిపోయే లెక్కకీ, నెలాఖరున వచ్చే బిల్లుకీ కుదరకపోవడం దీనివల్లే. డబ్బు లెక్కకి మీటరు యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు అని వేసుకోండి. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సుమారు 170 యూనిట్లు.

ఇంటి బిల్లు ఎంత పెరుగుతుంది?

దీనికి సగటు యూనిట్ ధరతో గుణించేస్తే తప్పుతుంది. కారు యూనిట్లు ఎప్పుడూ బిల్లు పై అంతస్తులోనే చేరతాయి. ఇంట్లో ఫ్రిజ్, టీవీ, ఏసీ కింది స్లాబులు వాడేసుకున్నాక మిగిలిన పై స్లాబే కారుకి దక్కుతుంది.

తెలంగాణ రేట్లతో చూద్దాం. 2022-23 టారిఫ్ ప్రకారం నెలకి 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లూ రూ.5.10 చొప్పున, 201 నుంచి 300 దాకా రూ.7.70, 301 నుంచి 400 దాకా రూ.9, ఆ పైన 800 దాకా రూ.9.50. ఇంట్లో మామూలుగా 250 యూనిట్లు కాలే కుటుంబం కారు కొంటే వాడకం 420కి చేరుతుంది. అదనంగా పడే కరెంటు ఖర్చు: 50 యూనిట్లు రూ.7.70 చొప్పున, 100 యూనిట్లు రూ.9 చొప్పున, మిగిలిన 20 రూ.9.50 చొప్పున. మొత్తం రూ.1,475. కిలోమీటరుకి రూపాయిన్నర. మొదటాయన చెప్పిన లెక్క ఇదే. అదే వెయ్యి కిలోమీటర్లకి పెట్రోలు కారుకి అరవై ఏడు లీటర్లు కావాలి, రూ.7,100 పైమాట.

ఇప్పుడు పొదుపుగా వాడే ఇల్లు చూడండి. ఏసీ లేదు, నెలకి 190 యూనిట్లు. 200 లోపు వాళ్లకి తెలంగాణలో వేరే స్లాబులు: మొదటి వంద రూ.3.40, రెండో వంద రూ.4.80. బిల్లు రూ.772. కారు వచ్చాక 360 యూనిట్లు. 200 గీత దాటగానే పాత చవక రేట్లు మొత్తం ఎగిరిపోతాయి, మొదటి యూనిట్ నుంచే రూ.5.10 మొదలవుతుంది. కొత్త బిల్లు రూ.2,330. కారుకి పడింది రూ.1,558. అంటే తక్కువ కరెంటు వాడే ఇంటికే కారు చార్జింగు ఎక్కువ పడింది! గీత మీద ఏం జరుగుతుందో తెలియాలంటే ఒక్క యూనిట్ చాలు. సరిగ్గా 200 యూనిట్లకి కరెంటు చార్జీ రూ.820. 201 అయితే రూ.1,027.70. ఆ రెండొందల ఒకటో యూనిట్ ధర రెండు వందల ఏడు రూపాయల పైనే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ గీత లేదు. 2022లో పాత కేటగిరీలు తీసేసి అందరికీ ఒకే నిచ్చెన పెట్టారు. మెట్టు దాటినా కింది మెట్ల రేటు మారదు. కాకపోతే పై మెట్లు ఎత్తు: 226 నుంచి 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. అదే 250 యూనిట్ల కుటుంబం విజయవాడలో ఉంటే కారుకి అదనంగా పడేది రూ.1,507. హైదరాబాద్‌తో దాదాపు సమానమే. దాని మీద ఇంధన సర్దుబాటు పేరుతో వచ్చేవి వేరు. వాటి గురించి ఆంధ్ర వినియోగదారులకి నేను చెప్పేదేముంది!

కార్ల కన్నా స్కూటర్ల దగ్గర ఈ గీత గట్టిగా తగులుతుంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి కింద తెల్లరేషన్ కార్డు కుటుంబాలకి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మొత్తం కట్టాలి. నెలకి 180 యూనిట్లు కాలే అలాంటి ఇంట్లోకి ఎలక్ట్రిక్ స్కూటరు వచ్చి ముప్ఫై యూనిట్లు తిన్నదంటే, బిల్లు సున్నా నుంచి ఏకంగా రూ.1,097కి పోతుంది. కాగితం మీద ఆ ముప్ఫై యూనిట్లు ఒక్కోటీ ముప్ఫై ఆరున్నర రూపాయలు. స్కూటరు షోరూములో "రోజుకి ఐదు రూపాయలే" అని బోర్డు పెట్టినవాళ్లు ఈ సంగతి చెప్పరు.

దీనికి విరుగుడు ఉందా?

ఉంది, వేరే మీటరు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకి 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, బండి చార్జింగ్ కోసం విడి కనెక్షన్ అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. దానికి స్లాబులు ఉండవు. ఆంధ్రలో ఆ కేటగిరీకి యూనిట్ రూ.6.70, తెలంగాణలో రూ.6, దాని మీద కిలోవాట్ల లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ. ఫిక్స్‌డ్ చార్జీ కాకుండా తెలంగాణలో 170 యూనిట్లకి రూ.1,020తో ఆగుతుంది. ఇంటి బిల్లు పాత స్లాబులోనే భద్రంగా ఉంటుంది.

సొంతిల్లు అయితే సరే. అపార్ట్‌మెంట్‌లో అసలు పేచీ సెల్లార్‌లో మొదలవుతుంది. మీటర్ల బోర్డు ఒక మూల, మీ పార్కింగ్ ఇంకో మూల. మధ్యలో నలభై మీటర్ల కేబుల్ లాగాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. "ఒకళ్లకి ఒప్పుకుంటే అందరూ అడుగుతారు కదండీ" అంటారు సెక్రటరీగారు. అడిగితే ఏమవుతుందన్న భయమూ ఊరికే కాదు. పది కార్లు రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారే ఏడేసి కిలోవాట్లు లాగితే బిల్డింగ్ ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోవాలి. లోడు పెంచుకోవడం, ఒకరి తర్వాత ఒకరు చార్జ్ అయ్యేలా టైమర్లు పెట్టుకోవడం లాంటివి కాబోయే పది కార్లకి ఇప్పుడే ఆలోచించిన అసోసియేషన్లు బాగుపడ్డాయి. లేనిచోట్ల కామన్ మీటరు మీద చాటుగా పెట్టిన ప్లగ్గులూ, వాటి మీద వాట్సాప్ గ్రూపుల్లో యుద్ధాలూ నడుస్తున్నాయి.

బయటి చార్జరు దగ్గర అంత ధర ఎందుకు?

నాలుగు రూపాయలు పడుతోందన్న రెండో ఆయనకి సెల్లార్‌లో సాకెట్ దొరకలేదు. పైగా ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు హైవే మీద ఉంటాడు. ఆయన కొనే కరెంటు రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్ల నుంచి. అక్కడ యూనిట్ రూ.18 నుంచి రూ.24 దాకా, కంపెనీని బట్టి. దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇంటికొచ్చే కరెంటు మీద జీఎస్టీ లేదు, చార్జింగు "సేవ" మీద ఉంది. రూ.20 అని రాసిన యూనిట్ చేతికి రూ.23.60కి వస్తుంది.

చార్జరు కంపెనీలు దోచుకుంటున్నాయని తేల్చేయడం సులువే. కానీ అరవై కిలోవాట్ల యంత్రం లక్షల్లో పని. దానికి సొంత ట్రాన్స్‌ఫార్మరు, స్థలం అద్దె, కరెంటు పంపిణీ సంస్థకి (డిస్కంకి) కట్టే ఫిక్స్‌డ్ చార్జీ ఉంటాయి. ఇవన్నీ ఇరవై నాలుగ్గంటలూ నడుస్తాయి, యంత్రం మాత్రం రోజులో కొన్ని గంటలే పని చేస్తుంది. కార్లు పెరిగే కొద్దీ ఈ ధర దిగాలి. దిగుతుందో లేదో చూడాలి.

హైవే మీద ఇంకో చిక్కు. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డు విపరీతంగా పెరుగుతుంది. ఊళ్లో ఏడు కిలోమీటర్లిచ్చిన యూనిట్ వంద వేగంతో ఆరే ఇస్తుంది. పెట్రోలు, డీజిల్ కార్లకి హైవే సుఖం, పదిహేను ఇచ్చేది పద్దెనిమిది ఇస్తుంది. అంటే ఎలక్ట్రిక్ కారు మైలేజీ తగ్గేదీ, కరెంటు ఖరీదు పెరిగేదీ ఒకేచోట. రూ.23.60ని ఆరుతో భాగిస్తే కిలోమీటరుకి రూ.3.93. పెట్రోలుకి రూ.5.94. లీటరుకి ఇరవై ఇచ్చే డీజిల్ కారుకి రూ.4.75 పైచిలుకే. డీజిల్ పక్కన నిలబెడితే తేడా రూపాయి లోపే. సూర్యాపేట దగ్గర ఇరవై నిమిషాలు ఆగినందుకు ఆ రూపాయి సరిపోతుందా లేదా అనేది మీ ఓపికని బట్టి.

సూర్యాపేట అన్నాను కాబట్టి ఆ ప్రయాణమే వేద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు, సుమారు 46 యూనిట్లు కావాలి. 45 యూనిట్ల బ్యాటరీ ఇంట్లో నింపుకుని బయల్దేరినా ధైర్యంగా చేరలేరు. దార్లో హోటల్ దగ్గర ఆగుతారు. అక్కడ మీ కన్నా ముందొకాయన ఉంటాడు. "ఎంతసేపు అన్నా?" "ఎనభైకి రాగానే తీసేస్తా." ఎనభై శాతం దాటాక బ్యాటరీ కరెంటుని నిదానంగా తీసుకుంటుంది. తెలిసినవాళ్లు అక్కడితో తీసేస్తారు, తెలియనివాళ్లు వంద దాకా కూర్చుంటారు, క్యూలో తగువులు వస్తాయి. మీరు ఇరవై యూనిట్లు ఎక్కించుకుంటారు, రూ.472. ఇంట్లో నింపినదాంట్లో ఖర్చయింది రూ.270 అనుకుంటే మొత్తం ప్రయాణం రూ.742. పెట్రోలుకి రూ.1,630 పైన.

తిరుగు ప్రయాణానికి విజయవాడలో అత్తగారింట్లో ఏసీ సాకెట్‌కి తగిలిస్తే, బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఉంటే నిండడానికి ఒక రాత్రీ మర్నాడు మధ్యాహ్నం దాకా పడుతుంది. వాళ్ల మీటరులో 53 యూనిట్లు తిరుగుతాయి. వాళ్లు రూ.8.75 స్లాబులో ఉంటే రూ.464. అల్లుడికి ఆ ప్రయాణం ఉచితం, మామగారు బిల్లు చూసి ఏమీ అనరు.

పెట్రోలు మీద పన్నుల మాటేమిటి?

అది పెద్ద ముక్కే. పెట్రోలు జీఎస్టీలో లేదు. కేంద్ర ఎక్సైజు 2025 ఏప్రిల్‌లో రెండు రూపాయలు పెరిగి లీటరుకి రూ.21.90 అయింది. తెలంగాణ వ్యాట్ 35.20 శాతం, అంటే సుమారు రూ.28. రెండూ కలిపితే యాభై రూపాయలు. కరెంటు మీద ఇంత పన్ను లేకపోవడం ఎలక్ట్రిక్ కారుకి కలిసొస్తోంది. రోడ్ల మీద కార్లు ఇటు మారుతూ పోతే ఆ యాభై ఎక్కడి నుంచి రాబట్టుకోవాలో ప్రభుత్వాలు ఆలోచించక తప్పదు.

అమెరికాలో ఆ ఆలోచన ఎప్పుడో మొదలైంది. టెక్సస్‌లో ఎలక్ట్రిక్ కారు రిజిస్ట్రేషన్‌కి 2023 సెప్టెంబరు నుంచి ఏటా అదనంగా 200 డాలర్లు కట్టాలి. న్యూజెర్సీలో 2024 జులై నుంచి 250 డాలర్లు, ఏడాదికి పది చొప్పున పెరిగేలా. ఎడిసన్‌లోనో ఇర్వింగ్‌లోనో ఉండే మనవాళ్లు చార్జింగు లెక్కలో దీన్ని కలుపుకోవాలి. అయినా అక్కడ సొంత గ్యారేజీ ఉన్నవాళ్లకి లాభమే. దేశం సగటున ఇంటి కరెంటు యూనిట్ పదహారు, పదిహేడు సెంట్లు. మీటరు యూనిట్‌కి మూడు మైళ్లు వేసుకుంటే మైలుకి ఆరు సెంట్ల లోపు. గ్యాలనుకి ముప్ఫై మైళ్లిచ్చే కారుకి గ్యాలను మూడు డాలర్లప్పుడు పది సెంట్లు.

కాలిఫోర్నియా లెక్క తలకిందులు. బే ఏరియాలో అర్ధరాత్రి చవక వేళల్లో కూడా యూనిట్ ముప్ఫై సెంట్లు దాటుతుంది, అంటే మైలుకి పది. పెట్రోలు గ్యాలను నాలుగున్నర డాలర్లు ఉన్నా, యాభై ఏడు మైళ్లిచ్చే టొయోటా ప్రియస్ హైబ్రిడ్‌కి మైలుకి ఎనిమిది సెంట్లే. ఎలక్ట్రిక్ కార్లకి రాజధాని అనుకునే చోట, చార్జింగు లెక్కలో హైబ్రిడ్ గెలుస్తోంది. ఫ్రీమాంట్ ఇళ్ల మీద అన్ని సోలార్ ప్యానెళ్లు ఎందుకున్నాయో దీంతో అర్థమవుతుంది.

కారుకి ఎక్కువ పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది?

అదే సైజు పెట్రోలు కారు కన్నా మూడు లక్షలు ఎక్కువ పెట్టారనుకుందాం. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగాక ఈ తేడా కొంత పెరిగింది. తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా ఉన్న రోడ్డు పన్ను మినహాయింపు దాన్ని కొంత తగ్గిస్తుంది. ఇంట్లో చార్జ్ చేసుకుంటూ నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మిగిలేది రూ.5,600 చుట్టూ, ఏడాదికి అరవై ఏడు వేలు, నాలుగున్నరేళ్లలో మూడు లక్షలు. నెలకి నాలుగొందలు తిరిగే ఇంటికి పదకొండేళ్లు పడుతుంది. అలాంటివాళ్లు నిశ్శబ్దం కోసం, నడపడంలో హాయి కోసం కొనుక్కోవచ్చు, పొదుపు కోసం మాత్రం అక్కర్లేదు.

నిజంగా కలిసిరావలసింది క్యాబ్ నడిపేవాళ్లకి. నెలకి మూడు వేల కిలోమీటర్లంటే పెట్రోలుకి రూ.21,400. ఇంటి మీటరు మీద చార్జ్ చేసుకుంటే ఐదొందల యూనిట్లు, పై స్లాబులన్నీ తగిలినా రూ.4,700 చుట్టూ. విడి మీటరయితే మూడు వేలూ, ఫిక్స్‌డ్ చార్జీ. కానీ అద్దె గదిలో ఉండి కారుని సందు చివర పెట్టుకునే డ్రైవరుకి మీటరెక్కడిది? అతను పబ్లిక్ చార్జరు దగ్గరికే పోవాలి. ఊళ్లో యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు వేసుకున్నా అతనికి రూ.10,100 అవుతుంది. పెట్రోలుతో చూస్తే సగం ఖర్చు, ఇంట్లో మీటరున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అంతే దూరానికి కట్టే దానికి రెట్టింపు. చార్జరు దగ్గర నిలబడ్డ గంటలో పోయిన గిరాకీ ఈ లెక్కలో కలపలేదు.